రాత్రిని మాత్రమే చదివిన విమర్శ

1

కొన్నేళ్ళ కిందట ఒక జిల్లా కేంద్రంలో మన మిత్రులు జరిపిన కథాగోష్ఠిలో, ఒక యువ రచయిత చదివిన కథ మీద మాట్లాడే పని నాకు అప్పగించారు. కథలో పెద్ద సంఘటన ఏమీ లేదు. బజారు వీధిలో దుకాణాలు మూసేశాక ఒక మనిషి వచ్చి, బట్టల కొట్టు షట్టరు ముందు గోనెపట్టా పరుచుకుంటాడు. ఆ జాగాకు కాపలావాడికి రోజుకింత అని ఇచ్చుకోవాలి. అర్ధరాత్రి వాన వస్తుంది. పట్టా చుట్టుకుని మెట్ల కిందికి పోతాడు. అక్కడ అప్పటికే నలుగురుంటారు. తెల్లవారుజామున లాఠీ చప్పుడుకు అందరూ లేచిపోతారు. అంతే కథ.

నేను లేచి పావుగంట మాట్లాడాను. ఈ మనిషి రైతు కాడు, కార్మికుడూ కాడు. ఉత్పత్తితో సంబంధం లేని లంపెన్ పాత్ర అన్నాను. అతనిలో చైతన్యం లేదు, కథలో సంఘర్షణ లేదు, పాఠకుడికి మిగిలేది జాలి ఒక్కటే అన్నాను. జాలి అభ్యుదయ సాహిత్యానికి లక్ష్యం కాదని కూడా ముక్తాయించాను. సభలో తలలూపినవాళ్ళు ఉన్నారు. ఆ రచయిత వాదించలేదు. చివర్లో ఒక్క మాట అన్నాడు: "సార్, అతను పగలంతా ఉల్లిగడ్డల బస్తాలు దింపుతాడని రెండు పేరాలు రాశాను. మీరు రాత్రి ఒక్కటే చదివారు."

ఇంటికొచ్చి ప్రతి తీసి చూశాను. రెండు పేరాలూ ఉన్నాయి. లారీ, బస్తాలు, కూలీలో మేస్త్రీ కోత, మధ్యాహ్నం బడ్డీ దగ్గర తిండి, అన్నీ ఉన్నాయి. హమాలీ పని ఉత్పత్తితో సంబంధం లేనిదని ఏ మార్క్సిస్టూ అనడు. అయినా నేను అతన్ని కార్మికుడిగా గుర్తించలేదు. కారణం అతను రాత్రి ఎక్కడ పడుకున్నాడన్నదే. ఇల్లు లేకపోవడం అతని శ్రమను నా కంటికి కనపడకుండా చేసింది.

ఈ వ్యాసం ఆ పొరపాటు గురించి. అది నా ఒక్కడి పొరపాటే అయితే పత్రిక పేజీలు పాడుచేయనక్కర లేదు. ఆ తర్వాత ఇల్లు లేనివాళ్ళ మీద వచ్చిన సర్వేలు, తీర్పులు, ప్రభుత్వ పథకాల పత్రాలు కొన్ని చదివాను. వాటిలో చాలా భాగం నాలాగే రాత్రిని చదివి పగటిని వదిలేశాయని తెలిసింది. మన కథకులూ, కవులూ కూడా ఈ దోషానికి పూర్తిగా అతీతులు కారు. అందుకే మన సాహిత్యాన్నీ, ఆ పత్రాలనూ పక్కపక్కన పెట్టి చదవాలనుకుంటున్నాను. నివేదిక కూడా ఒక రచనే. దానికీ కథకుడుంటాడు, దృక్కోణం ఉంటుంది, వదిలేసిన పాత్రలుంటాయి.

2

ముందు మన ఇంటి సంగతి చూద్దాం. తెలుగులో ఇల్లు లేని మనిషికి మాటలు చాలా ఉన్నాయి: దిక్కులేనివాడు, బికారి, దేశదిమ్మరి, ముష్టివాడు, నిరాశ్రయుడు, కొంపాగోడూ లేనివాడు. వీటిని వరసగా చదివితే ఒక విషయం తేలుతుంది. ఈ మాటల్లో చాలావరకు ఆ మనిషి స్వభావాన్ని చెప్పేవే. అతనికి ఏం జరిగిందో చెప్పేది ఒక్కటీ లేదు. ఇల్లు పోవడం ఒక సంఘటన. మన మాటలు దాన్ని లక్షణంగా మార్చేశాయి. పైగా మన భాషలో వంశనామాన్ని ఇంటిపేరు అంటాం. ఇల్లు లేనివాడికీ ఇంటిపేరు ఉంటుంది. ఆ వైపరీత్యం మనకు ఎన్నడూ తట్టినట్టు లేదు.

ఆధునిక కవిత్వంలో ఈ మనిషిని రోడ్డు పక్క నుంచి కావ్యం మధ్యకు తెచ్చినది శ్రీశ్రీ. 'మహాప్రస్థానం'లోని 'భిక్షువర్షీయసి'లో చెట్టు కింద కూర్చున్న ముసలి బిచ్చగత్తెను మనలో చాలామంది పాఠ్యపుస్తకానికి ముందే కంఠస్థం చేశాం. ఆ కవిత గొప్పతనం ఆమె రూపవర్ణనలో లేదు. ఆమె చనిపోతే ఆ పాపం ఎవరిదన్న ప్రశ్నలో ఉంది. భిక్ష వేసి పుణ్యం కట్టుకునే సంప్రదాయాన్ని ఆ ఒక్క ప్రశ్న తలకిందులు చేసింది. దాత పుణ్యం స్థానంలో సమాజం బాధ్యతను నిలబెట్టింది. కాని తర్వాత వచ్చిన అనుకరణలు ఏం చేశాయి? ముసలిదాన్ని ఉంచుకుని ప్రశ్నను వదిలేశాయి. చెట్టు, చలి, చిరుగుల బొంత, చాచిన చెయ్యి: ఈ సామగ్రితో మన పత్రికల్లో ఎన్ని కవితలు వచ్చాయో పాఠకులకు తెలుసు. చివరి పాదంలో ఒక నిట్టూర్పు, దాని పక్కన ఒక ఆశ్చర్యార్థకం.

చాసో దారి వేరు. 'ఎంపు' కథలో ముష్టివాళ్ళ మధ్య పెళ్ళికొడుకు ఎంపిక జరుగుతుంది. అక్కడ జాలికి చోటు లేదు. ఎవడికి ఎక్కువ ముష్టి వస్తుందన్న లెక్క మీద సంబంధం తేలుతుంది. మధ్యతరగతి పాఠకుడు మొదట ఉలిక్కిపడతాడు. తన ఇంట్లో జీతం, కట్నం, ఆస్తి చూసి జరిగే ఎంపిక కూడా ఇదేనని తర్వాత గ్రహిస్తాడు. చాసో ఆ మనుషులకు ఒక ఆర్థిక జీవితం ఇచ్చాడు. లెక్క వేసుకునే బుద్ధి ఇచ్చాడు. నా ఉద్దేశంలో జాలి కంటే అదే పెద్ద గౌరవం.

చలం 'మైదానం' (1927)లో ఇల్లు వదలడం విముక్తి. రాజేశ్వరికి ఇల్లు గోడల జైలు, మైదానం స్వేచ్ఛ. అది ఆ కాలపు స్త్రీ ప్రశ్నకు అవసరమైన సమాధానమే. అయితే వదలడానికి ఒక ఇల్లు ఉన్నవాళ్ళకే ఆరుబయలు స్వేచ్ఛగా కనిపిస్తుంది. దశాబ్దాల తర్వాత పి. సత్యవతి 'ఇల్లలకగానే' అదే ప్రశ్నను లోపలి నుంచి వేసింది. అందులో ఇల్లాలు ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మరిచిపోతుంది. ఇల్లుండీ ఇల్లు తనది కాని స్త్రీ, తలుపు దాటితే ఎక్కడికి పోతుంది? ఆ రెండో సగాన్ని మన కథ ఇంకా సరిగా రాయలేదు. తాగి కొట్టే భర్త నుంచి పారిపోయి బస్టాండులో రాత్రి గడిపే స్త్రీ మన కథల్లో ఎక్కువగా చెడిపోయిన ఆడదిగానో, చావబోయే ఆడదిగానో వస్తుంది. తెల్లారాక ఆమె ఏ ఇంట్లో గిన్నెలు తోముతుందో మనం చూడలేదు.

వీటన్నిటికంటే ముందు ఉన్నవ 'మాలపల్లి' (1922) ఉంది. ఆ నవలను మనం గాంధేయ నవల అనో, దళిత పాత్రల తొలి నవల అనో పాఠం చెబుతాం. అది ప్రభుత్వ పునరావాస విధానం మీద తెలుగులో వచ్చిన తొలి విమర్శ కూడా అని ఎందుకు చెప్పం? రామదాసు కుటుంబం చితికిపోయి చేరేది సెటిల్‌మెంటుకు. ఆనాడు అవి ఊహలు కావు. 1871లో ఉత్తర భారతంలో మొదలైన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికి విస్తరించారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో ఎరుకల కుటుంబాలను ముక్తిఫౌజు నిర్వహణలో స్థిరపరిచారు. తిరిగే జాతులకు ఇల్లు ఇచ్చారు, కాని హాజరు వేయించుకుని ఇచ్చారు. ఇల్లు కావలికి మారుపేరయింది. స్వతంత్రం వచ్చాక 1952లో ఆ చట్టం రద్దయింది. ఆ ఆలోచన రద్దయిందా అన్నది ముందు చూద్దాం.

3

ఇప్పుడు ప్రభుత్వ పత్రాలకు వస్తాను. మన దేశంలో ఇల్లు లేనివాళ్ళను లెక్కపెట్టే ప్రధాన రచన జనగణన. దాని పద్ధతి చూడండి. సెన్సస్ ఇల్లు అనే ఒక నిర్వచనం ఉంది. అటువంటి ఇంట్లో లేకుండా రోడ్డు పక్కన, పేవ్‌మెంటు మీద, హ్యూమ్ పైపుల్లో, ఫ్లై ఓవర్ల కింద, మెట్ల కింద, గుడి మండపాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద బతికేవాళ్ళు ఇల్లులేనివాళ్ళు. ఆ జాబితా చదివినప్పుడు నాకు ఒక విషయం తట్టింది. ఇది మనుషుల జాబితా కాదు, వాళ్ళు పడుకునే చోట్ల జాబితా. 2011లో వీళ్ళను లెక్కించిన సమయం ఫిబ్రవరి 28 రాత్రి. ఒకే ఒక్క రాత్రి.

ఆ రాత్రి లెక్కలో తేలినవాళ్ళు దేశంలో 17.7 లక్షలు. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్షా 45 వేలు. 2001లో దేశం మొత్తం 19.4 లక్షలు కాబట్టి సంఖ్య తగ్గిందని సంతోషించినవాళ్ళున్నారు. విడదీసి చూస్తే కథ మారుతుంది. పల్లెల్లో 11.6 లక్షల నుంచి 8.3 లక్షలకు తగ్గారు. పట్టణాల్లో 7.8 లక్షల నుంచి 9.4 లక్షలకు పెరిగారు. ఈ రెండు అంకెల మధ్య ఒక ప్రయాణం ఉంది. పట్టికలో అది కనపడదు. దాన్ని చూపించగలిగేది నవలే. ఆ మాట మళ్ళీ ఎత్తుతాను.

ఒక్క రాత్రిలో లెక్కకు అందనివాళ్ళు ఎందరు? రాత్రి కాపలా పనిలో ఉన్నవాడు, పోలీసును చూసి పక్క సందులోకి తప్పుకున్నవాడు, పసిపిల్లతో కనపడకుండా నక్కిన తల్లి, వీళ్ళు ఏ గడిలో చేరతారు? కట్టే భవనం పక్కన రేకుల షెడ్డులో ఉన్న పాలమూరు కూలీకి ఆ రాత్రికి ఇల్లు ఉన్నట్టే. భవనం పూర్తయిన మర్నాడు ఉండదు. భవనాలు కట్టేవాడికి భవనం పూర్తి కావడమే నిరాశ్రయం. 2020 మార్చి లాక్‌డౌనులో దేశం రోడ్ల మీద చూసింది వీళ్ళనే. వాళ్ళు ఆ రోజు కొత్తగా ఇల్లు పోగొట్టుకోలేదు. పని ఆగింది కాబట్టి, లేని ఇల్లు కనపడింది. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడింది కాబట్టి ఆ మార్పేదీ లెక్కకెక్కలేదు.

ఇంకొక పత్రం. పన్నెండో పంచవర్ష ప్రణాళిక కోసం అమితాబ్ కుండూ అధ్యక్షతన ఏర్పడిన సాంకేతిక బృందం 2012లో పట్టణాల్లో ఇళ్ళ కొరతను 1 కోటి 87.8 లక్షలుగా అంచనా వేసింది. ఆ కొరతలో నూటికి 95 వంతులకు పైగా పేదలది, అల్పాదాయ వర్గాలది. అసలు ఇల్లే లేని కుటుంబాల కింద వేసినవి 5.3 లక్షలు. సుమారు కోటిన్నర కుటుంబాలది ఇరుకు: ఉన్న గదిలో పట్టనంత మంది. 2011 జనగణన ప్రకారమే పట్టణాల్లో ఖాళీగా ఉన్న ఇళ్ళు కోటీ 10 లక్షలు. మనుషులు లేని ఇళ్ళు, ఇళ్ళు లేని మనుషులు ఒకే నగరంలో, ఒకే జనగణనలో, వేరు వేరు పట్టికల్లో ఉన్నారు.

ఈ వైరుధ్యం కొత్తది కాదు. 1872లో ఏంగెల్స్ ఇళ్ళ సమస్య మీద రాసిన వ్యాసాల్లో చెప్పింది ఇదే. పెద్ద నగరాల్లో ఉన్న ఇళ్ళను సక్రమంగా వాడితే అసలైన కొరత వెంటనే తీరుతుందని ఆయన వాదించాడు. పాలకవర్గం ఈ సమస్యను పరిష్కరించదు, ఒక చోటి నుంచి మరో చోటికి జరుపుతుంది అన్నాడు. మురికివాడ కూల్చి రోడ్డు వేస్తారు, అదే వాడ మరో మూల లేస్తుంది. మార్క్సిస్టు విమర్శకుడినని చెప్పుకునే నేను ఈ వ్యాసాలను ఆ కథాగోష్ఠికి ముందు చదివి ఉండవలసింది. తర్వాత చదివాను.

4

చట్టం ఈ మనిషిని ఎలా చదివింది? 1981లో మహారాష్ట్ర ప్రభుత్వం బొంబాయి పేవ్‌మెంటు వాసులను ఖాళీ చేయించి సొంత ఊళ్ళకు పంపేస్తామంది. పాత్రికేయురాలు ఓల్గా టెల్లిస్, కొందరు పేవ్‌మెంటు వాసులు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1985 జులైలో వచ్చిన తీర్పులో రెండు గొంతులున్నాయి. మొదటి గొంతు, జీవనోపాధి హక్కు జీవించే హక్కులో భాగమని ప్రకటించింది. ఈ మనుషులు పేవ్‌మెంటు మీద ఎందుకున్నారు? పని దగ్గరుండాలి కాబట్టి. ఇల్లు పీకితే పని పోతుంది, పని పోతే బతుకు పోతుంది. పగటికీ రాత్రికీ ఉన్న ముడిని అత్యున్నత న్యాయస్థానం గుర్తించిన సందర్భం అది. రెండో గొంతు, నోటీసు ఇచ్చి ఖాళీ చేయించవచ్చని అంది. వానాకాలం అయ్యేదాకా, అంటే అక్టోబరు 31 దాకా ఆగమంది. 1976 లెక్కల్లో కార్డు ఉన్నవాళ్ళకు వేరే జాగా చూపమంది. గొప్ప సూత్రం, చిన్న వాయిదా. న్యాయశాస్త్ర విద్యార్థులకు మొదటి గొంతు పాఠం. పేవ్‌మెంటు మీద ఉన్నవాడికి అందింది రెండోది.

అదే 1985లో బొంబాయిలో స్పార్క్ అనే సంస్థ పేవ్‌మెంటు వాసుల సర్వే ఒకటి ప్రచురించింది. దాని పేరు తెలుగులో చెప్పాలంటే 'కనపడని మేము'. సుమారు 6,000 కుటుంబాల దగ్గరకు వెళ్ళి అడిగారు. ఆ పేరులో నాకు ముఖ్యంగా తోచింది 'మేము' అనే సర్వనామం. లెక్కకెక్కేవాళ్ళు లెక్కలో పాల్గొన్నారు. సర్వేలో తేలింది ఏమిటి? వాళ్ళు బిచ్చగాళ్ళూ దొంగలూ కారు. ఎక్కువమంది కూలీలు, చిల్లర వ్యాపారులు, ఇళ్ళల్లో పనిచేసే స్త్రీలు. కరువు జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు. ఏళ్ళ తరబడి ఒకే చోట ఉంటున్నారు. పనికి నడిచి వెళ్తారు. ఒక్క మాటలో, నేను గోష్ఠిలో లంపెన్ అన్న మనిషిని ఈ సర్వే అంతకు ఎన్నో ఏళ్ళ ముందే కార్మికుడని నిరూపించి పెట్టింది. పరిశోధన కథకుడి పక్షాన నిలిచింది, విమర్శకుడి పక్షాన కాదు.

తర్వాతి దశ షెల్టర్లది. చలికి మనుషులు చనిపోతుంటే 2010లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకుంది. లక్ష జనాభాకు ఒక షెల్టరు చొప్పున, ఏడాది పొడుగునా, ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉంచేవి కట్టాలని ఆదేశించింది. 2013లో జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ కింద దీన్ని పథకం చేశారు. మనిషికి 50 చదరపు అడుగులు. 2016లో కోర్టు నియమించిన జస్టిస్ కైలాష్ గంభీర్ కమిటీ, కేటాయించిన నిధులు చాలా రాష్ట్రాల్లో సరిగా ఖర్చే కాలేదని తేల్చింది. షెల్టరును నేను తక్కువ చేయడం లేదు. జనవరి రాత్రి కప్పు ఉండడానికీ లేకపోవడానికీ మధ్య తేడా ప్రాణం. కాని షెల్టరు కూడా ముఖ్యంగా రాత్రికే సమాధానం. తన మూట పెట్టుకోవడానికి తాళం వేసుకునే చోటు, పిల్లను వదిలి పనికి పోవడానికి నమ్మకం, ఉత్తరం వస్తే చేరే చిరునామా, ఇవి కప్పు ఒక్కటీ ఇవ్వదు.

ఒక చేత్తో షెల్టరు కట్టే రాజ్యమే మరో చేత్తో ఏం చేస్తుందో చూడండి. మన రాష్ట్రంలో 1977లో భిక్షాటన నిరోధక చట్టం చేశారు. ఇటువంటి చట్టాల్లో బిచ్చమెత్తేవాడు నేరస్థుడు. 2017 నవంబరులో హైదరాబాదులో అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగింది. అమెరికా అధ్యక్షుడి కూతురు వస్తున్నదని నగరం ముస్తాబయింది. నవంబరు 8 నుంచి రెండు నెలల పాటు నగరంలో బిచ్చమెత్తడాన్ని పోలీసులు నిషేధించారు. రోడ్ల మీది మనుషులను చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ళ ఆవరణల్లో ఏర్పాటు చేసిన ఆశ్రమాలకు తరలించారు. పేరు ఆశ్రమం, స్థలం జైలు ఆవరణ. 'మాలపల్లి' సెటిల్‌మెంటుకూ దీనికీ మధ్య తొంభై అయిదేళ్ళు. చట్టం పేరు మారింది, కావలి మిగిలింది. మరుసటి ఏడాది, 2018లో, ఢిల్లీ హైకోర్టు అక్కడ అమల్లో ఉన్న ఇటువంటి చట్టంలోని ప్రధాన నిబంధనలను కొట్టేసింది. తిండి, పని ఇవ్వలేని రాజ్యం అడుక్కోవడాన్ని నేరమనడం చెల్లదన్నది దాని సారాంశం.

ఇళ్ళ పథకాల మాట. మన ప్రాంతంలో ఏ పార్టీ ప్రభుత్వమైనా ఇళ్ళ పథకం లేకుండా ఎన్నికలకు పోదు. 2006లో ఇందిరమ్మ, తెలంగాణలో 560 చదరపు అడుగుల రెండు పడకగదుల ఇళ్ళు, ఆంధ్రలో 2020 డిసెంబరు నుంచి స్త్రీల పేర 30 లక్షలకు పైగా ఇళ్ళ పట్టాలు. పట్టా స్త్రీ పేర ఉండడం చిన్న మార్పు కాదని ఒప్పుకోవాలి. కాని ఈ పథకాల దరఖాస్తు ఫారాన్ని ఒక సాహిత్య విద్యార్థిగా చదవండి. మొదటి ప్రశ్నల్లోనే చిరునామా ఉంటుంది. తర్వాత రేషను కార్డు. ఇల్లు కావాలంటే ముందు ఇల్లుండాలి. గుడిసె ఉన్నవాడికి పక్కా ఇల్లు రావచ్చు, గుడిసె కూడా లేనివాడు వరసలోకే రాడు. వచ్చినా, పట్టణంలో ఒక సెంటు జాగా ఊరికి ఎంతో దూరాన ఇస్తే, తెల్లవారుజామున మార్కెట్టుకు చేరవలసిన హమాలీ ఏం చేస్తాడు? జాగా ఉంచుకుని మళ్ళీ షట్టరు ముందే పడుకుంటాడు. అప్పుడు మనమంటాం: ఇల్లిచ్చినా ఉండరండీ వీళ్ళు.

ఇల్లు ముందు, షరతులు తర్వాత అనే పద్ధతిని ప్రపంచంలో కొన్ని చోట్ల పరీక్షించారు. 1992లో న్యూయార్కులో అది చిన్న ప్రయోగంగా మొదలైంది. తాగుడు మానితేనే, మందులు మింగితేనే ఇల్లిస్తామనే మెట్ల పద్ధతిని తలకిందులు చేసి, ముందు తాళంచెవి చేతికిచ్చారు. ఫిన్లాండు 2008 నుంచి దీన్ని దేశ విధానం చేసింది. అక్కడ 1987లో సుమారు 18,000గా ఉన్న నిరాశ్రయుల సంఖ్య 2022 నాటికి 4,000 కంటే తగ్గింది. ఆ దేశం చిన్నది, ప్రభుత్వ అద్దె ఇళ్ళు అక్కడ ఎప్పటి నుంచో ఉన్నాయి. మనకు దాన్ని అచ్చుగుద్దలేం. 2024లో అక్కడ కూడా సంఖ్య తిరిగి పెరిగింది. నేర్చుకోవలసింది వరస: ఇల్లు బహుమానం కాదు, మొదటి మెట్టు. చలిలో వణికేవాణ్ని ముందు మంచివాడివని నిరూపించుకోమనడం ధర్మకర్తల భాష.

5

ఇక మన పని. ఈ పత్రాలు చదివిన తర్వాత మన కథల అల్మారా ముందు నిలబడితే నాకు కనిపించిన పెద్ద లోటు ఒకటుంది. తెలుగులో ముంపు సాహిత్యం బలమైనది. 1980ల మొదట్లో శ్రీశైలం జలాశయం కింద ఊళ్ళు మునిగిన నాటి నుంచి పోలవరం దాకా, మన రచయితలు నిర్వాసితుల దుఃఖాన్ని నిజాయితీగా రాశారు. కాని ఆ కథలు ఎక్కడ ముగుస్తాయి? ఎక్కువగా నీటి అంచున. గుడి గోపురం మునుగుతుంది, ముసలాయన వెనక్కి తిరిగి చూస్తాడు, బండి కదులుతుంది, కథ అయిపోతుంది. బండి ఎక్కడికి పోయింది?

మరో పక్క నగర కథలున్నాయి. వాటిలో పేవ్‌మెంటు మనిషి ఎక్కడ మొదలవుతాడు? పేవ్‌మెంటు మీదే. అతనికి ఊరు లేదు, యాస లేదు, వెనక పొలం లేదు. మొదటి కథలో నిర్వాసితుడికి భవిష్యత్తు లేదు, రెండో కథలో నిరాశ్రయుడికి గతం లేదు. ఈ ఇద్దరిలో చాలాసార్లు ఉన్నది ఒకే మనిషి. జనగణన పట్టికల్లో పల్లె గడిలో తగ్గి పట్టణ గడిలో పెరిగిన సంఖ్యల వెనకా ఇటువంటి ప్రయాణాలే ఉన్నాయి. మునిగిన ఊరికీ, మూసిన షట్టరుకూ మధ్య ఉన్న రోడ్డును మనం రాయలేదు. ఆ రోడ్డు మీద నష్టపరిహారం, దాన్ని తినేసిన అప్పు, మొదటి వలస, మేస్త్రీ, రేకుల షెడ్డు, విరిగిన కాలు, కట్టలేని అద్దె ఉన్నాయి. ఇవన్నీ వరసగా జరుగుతాయి. ఒక్కొక్కటీ ఒక నిర్ణయం, ఒక్కొక్కదాని వెనకా లాభం పొందినవాడు ఒకడుంటాడు. మనిషి ఒక్క రోజులో రోడ్డున పడడు. ఆ ప్రక్రియను చూపడమే వాస్తవికత. ఫలితాన్ని మాత్రమే చూపితే మిగిలేది జాలి.

ఇక్కడ ఒక ప్రమాదం కూడా చెప్పాలి. పరిశోధన చదవమంటున్నాను కాబట్టి కథలో పట్టికలు దించమని కాదు. గణాంకాలు పాత్రల నోట పలికించే కథలు మన పత్రికల్లో అప్పుడప్పుడూ వస్తూనే ఉన్నాయి. అవి నివేదికా కావు, కథా కావు. పరిశోధన రచయితకు ఇచ్చేది సమాచారం కంటే ముఖ్యంగా ప్రశ్నలు. ఈ మనిషి పగలు ఏం చేస్తాడు? డబ్బు ఎక్కడ దాచుకుంటాడు? స్నానం ఎక్కడ, ఎంతకు? ఓటు ఏ ఊళ్ళో ఉంది? జబ్బు చేస్తే పక్కనున్నవాళ్ళలో ఎవరు చూస్తారు? ఇవి అడగగలిగిన రచయిత జాలి దగ్గర ఆగలేడు.

విమర్శకుడికీ ఇదే వర్తిస్తుంది. మనం వర్గం అనే మాటను ఒక కార్డులా వాడుతున్నాం. ఫ్యాక్టరీ గేటు ఉంటే కార్మికుడు, నాగలి ఉంటే రైతు, ఏదీ లేకపోతే లంపెన్. దరఖాస్తు ఫారం చిరునామా అడిగినట్టే మన విమర్శ పాత్రను చిరునామా అడుగుతున్నది. హమాలీలు, ఇంటిపని స్త్రీలు, చిత్తు ఏరేవాళ్ళు, పెళ్ళిళ్ళలో వంటపాత్రలు తోమేవాళ్ళు, వీళ్ళ శ్రమ మీద నగరం రోజూ నిలబడుతుంటే, ఆ శ్రమను గుర్తించని వర్గదృష్టి సగం దృష్టి.

6

నేను బడిపంతులును. ప్రతి జూన్‌లో అడ్మిషన్ రిజిస్టరు రాస్తాను. ఒక సంవత్సరం ఒక తల్లి ఇద్దరు పిల్లలను తీసుకొచ్చింది. పెద్దవాడి ఇంటిపేరు రాశాను. చిరునామా గడి దగ్గర కలం ఆగింది. ఎక్కడుంటారని అడిగితే ఆమె నా వైపు కాకుండా కిటికీ వైపు చూసింది. పిల్లవాడే చెప్పాడు: "పొద్దున మార్కెట్ యార్డులో ఉంటం సార్. రాత్రయితే బస్టాండుల." వాడికి అది ఒక చిరునామాలో రెండు భాగాలు. నాకు రాయడానికి గడి ఒక్కటే ఉంది. బస్టాండు అని రాస్తే పైవాళ్ళు ప్రశ్నిస్తారని భయపడి, మార్కెట్ యార్డు అని రాశాను. తర్వాత ఆలోచిస్తే, ఆ రోజు నేను మొదటిసారి ఒక మనిషి పగటిని రాశానని తోచింది. అది అవగాహనతో చేసింది కాదు, భయంతో చేసింది.

ఆ కథాగోష్ఠి తర్వాత ఆ యువ రచయిత కథలు నాకు ఏ పత్రికలోనూ కనపడలేదు. ఉద్యోగం వచ్చి మానేశాడో, నా పావుగంట ఉపన్యాసం వల్ల మానేశాడో తెలుసుకునే ప్రయత్నం చేశాను, ఆచూకీ దొరకలేదు. మన గోష్ఠుల్లో మనం లేచి మాట్లాడే మాటలకు ఇంత బరువుంటుందని గుర్తు పెట్టుకోవాలి. ఆయన కథ ప్రతి ఇంకా నా దగ్గర ఉంది. మార్జిన్‌లో ఎర్రసిరాతో నేను రాసుకున్న "లంపెన్" అనే మాట కూడా ఉంది. ఆయన ఈ పేజీ చూస్తే సంపాదకులకు ఒక కార్డు రాయాలని కోరుతున్నాను. ఆ కథ అచ్చు కావాలి. దాని మీద మళ్ళీ మాట్లాడే అవకాశం నాకివ్వాలో లేదో ఆయనే నిర్ణయించుకోవచ్చు. ఈసారి ఆ రెండు పేరాలతోనే మొదలుపెడతాను.